పెట్రోలు క్యాను, బ్లీచింగ్ మూట ఒకే బండిలో వద్దు

శిడ్లఘట్టలో గూళ్లు అమ్మి వచ్చేటప్పుడు స్ప్రేయర్‌కు పెట్రోలు, షెడ్డుకు బ్లీచింగ్ పౌడర్ మేమూ ఒకే వ్యాన్‌లో తెచ్చేవాళ్లం. ఒకసారి నీళ్ల బాటిల్‌లో పోసిన పెట్రోలు కారి మూట దాకా వచ్చేసింది. మూట తడవలేదు కాబట్టి సరిపోయింది. ఆ రెండూ కలిస్తే అగ్గిపుల్ల లేకుండానే వేడెక్కి అంటుకోవచ్చు.

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. బండి అడుగున పేరుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. స్పిరిట్, శానిటైజర్ కూడా తొందరగా అంటుకుంటాయి. పగలు వాటి మంట సరిగా కనబడదు కూడా.

ఇప్పుడు మేము పాటించేది ఇదీ: పెట్రోలుకని చేసిన గట్టి మూత క్యానే వాడాలి. నేల మీద పెట్టి పట్టించాలి. ఎండకు ఉబ్బుతుంది, కొంచెం ఖాళీ వదలాలి. నిలువుగా కట్టి, కిటికీలు తెరిచి, బీడీ లేకుండా నేరుగా ఇంటికి రావాలి. బ్లీచింగ్ వేరే ట్రిప్పులో. ఒక ట్రిప్పు డీజిల్ పోతే పోనీ, మనిషి ముఖ్యం.