‘ఆమెను చూసైనా నేర్చుకో’ అనకండి

సోమవారం మా తొర్రూరు దవాఖానలో ఓపీ ఎలా ఉంటుందో ఇటువైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటి ఒక సోమవారం, పదకొండు గంటల వేళ, యాభై ఎనిమిదేళ్ల పెద్దాయనను కొడుకూ భార్యా చెరో పక్కన పట్టుకుని తీసుకొచ్చారు. కిరాణా కొట్టు నడిపిన మనిషి. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు పట్టు తప్పాయి. బీపీ అదుపులోనే ఉంది, మందులు వాడుతున్నారు. మరి సమస్యేమిటంటే, ఆయన మంచం దిగడం లేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఫోన్ తీసి నా ముందే తండ్రికి ఒక వీడియో చూపించాడు. “బాపూ, చూడు. మన కల్లెడ పిల్ల. ఏమీ లేనింట్ల పుట్టి పారిస్ల మెడల్ కొట్టింది. నువ్వేమో దర్వాజ దాకా నడవనంటున్నవు.”

పెద్దాయన వీడియో చూడలేదు. తిరుగుతున్న ఫ్యాన్‌ను చూస్తూ కూర్చున్నారు. కొడుకు ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లాక ఆమె మెల్లగా అంది: “రాత్రిళ్లు ఏడుస్తున్నడు సార్. కొడుక్కు తెల్వదు.”

ఆ కొడుకును తప్పుపట్టే అర్హత నాకు లేదు. షుగర్ ఉండి నడక మానేసిన వాళ్లకు, మందులు మధ్యలో ఆపేసిన వాళ్లకు నేనూ ఎన్నోసార్లు ఇలాంటి కథలే చెప్పాను. ‘వాళ్లు చేయగా లేనిది మీకేమైంది?’ అన్నాను. అలా అన్నాక కొందరు మళ్లీ రాలేదు. అందుకే ఈ వారం ఆ కల్లెడ అమ్మాయి కథనే మీతో కలిసి మరోసారి చూద్దామనుకుంటున్నాను. మనం సగమే చదువుతున్నామేమో.

పరుగుకు ముందు

జీవాంజి దీప్తిది పర్వతగిరి మండలం కల్లెడ. మాకు దూరపు ఊరేమీ కాదు. 2003లో పుట్టింది. 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి అప్పటి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. అంతకు ముందు హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లోనూ స్వర్ణం. ఆ తర్వాత అర్జున అవార్డు. ఇదంతా మీకు తెలిసిందే, పత్రికలన్నీ రాశాయి.

ఆమె పోటీపడేది టీ20 విభాగంలో. పేరు చూసి క్రికెట్ అనుకునేవాళ్లున్నారు. అది మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగం. ఐక్యూ 75 లేదా అంతకంటే తక్కువగా ఉండాలి, రోజువారీ వ్యవహారాల్లో ఇబ్బంది ఉండాలి, అది ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. మన దేశం నుంచి ఈ రకమైన వైకల్యంతో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి వ్యక్తి దీప్తే.

ఆమె పుట్టినప్పుడు తల చిన్నగా ఉందని, పెదవీ ముక్కూ తీరు వేరుగా ఉన్నాయని తల్లి తర్వాత పత్రికలకు చెప్పారు. గ్రహణం వేళ పుట్టిందన్నారు. కోతి అన్నారు, పిచ్చిది అన్నారు, అనాథాశ్రమంలో ఇచ్చేయమన్నవాళ్లూ ఉన్నారు. ఆ తల్లి ఇవ్వలేదు. పిల్ల ఏడుస్తూ ఇంటికొస్తే తీపి అన్నం వండిపెట్టారు.

ఈ గ్రహణం సంగతి ఇక్కడ కొంచెం మాట్లాడుకోవాలి. పెదవి చీలికతో పుట్టిన బిడ్డకు మన భాషలో ఉన్న పేరే ‘గ్రహణం మొర్రి’. తప్పు ఏకంగా పేరులోనే కూర్చుంది కాబట్టి ఎంత చదువుకున్న ఇంట్లోనైనా కోడలిని ‘గ్రహణం నాడు బయటికి వెళ్లావా?’ అని అడిగేస్తారు. గర్భంలో బిడ్డ పై పెదవి నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య రూపుదిద్దుకుంటుంది. చాలామందికి నెల తప్పిన సంగతి తెలిసే సమయానికే ఆ పని సగం జరిగిపోతుంది. ఆ తర్వాత ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో వచ్చే గ్రహణానికి దానితో సంబంధం ఎక్కడిది? వంశపారంపర్యం, తల్లికి అదుపులో లేని షుగర్, పొగ, మూర్ఛకు వాడే కొన్ని మందులు ముప్పును పెంచుతాయి. చాలాసార్లు ఒక కారణమంటూ చూపించలేం కూడా. ఫిట్స్ మందులు వాడే మహిళలు గర్భానికి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. సొంతంగా మాత్రం ఆపకూడదు.

చీలిన పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో శస్త్రచికిత్స చేస్తారు. అంగిలి చీలితే ఏడాది అటూ ఇటుగా, మాటలు రాకముందే చేయడం మంచిది. ప్రభుత్వ ‘రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం’ బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చి పిల్లలను చూస్తాయి. అవసరమైన వాళ్లను ఉచిత చికిత్సకు పంపిస్తాయి.

పేరు పెట్టడం వేరు, ముద్ర వేయడం వేరు

దీప్తి కథలో డాక్టర్‌గా నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది పతకం కాదు. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో ఆమెకు జరిగిన పరీక్షలు. బడిలో ఆమె పరుగును పీఈటీ సారు గమనించారు. శిక్షకుడు నాగపురి రమేశ్ హైదరాబాద్‌కు పంపమని అడిగితే తల్లిదండ్రుల దగ్గర బస్సు ఛార్జీలకు కూడా డబ్బుల్లేవు. కూలికి వెళ్లే ఇల్లు, ఉన్న కాస్త పొలం అప్పటికే అమ్ముకున్నారు. అయినా పంపారు. పుల్లెల గోపీచంద్ సూచనతో మేధోవైకల్య పరీక్షలు చేయించారు. ఆ నిర్ధారణ లేకపోతే ఆమె పారా క్రీడల గడప తొక్కేదే కాదు.

ఊరు అన్న ‘పిచ్చి’ కూడా ఒక పేరే. డాక్టర్ రాసిన ‘మేధో వైకల్యం’ కూడా ఒక పేరే. మొదటిది తలుపు మూసింది, రెండోది తెరిచింది. అసలు ఈ రెండూ ఒకటి కావు. మానసిక జబ్బు వేరు, బుద్ధి ఎదుగుదలలో వెనుకబాటు వేరు. మొదటిదానికి చికిత్స ఉంది, రెండోదానికి శిక్షణ ఉంది.

మధ్యతరగతి ఇళ్లలో నేను చూసేది మరో రకం. పిల్లవాడిని పరీక్ష చేయించమంటే ‘సర్టిఫికెట్ వద్దు సార్, రేపు పెద్ద పిల్లకు సంబంధాలు చూడాలి’ అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఈలోపు మూడేళ్లు పోతాయి. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పకపోయినా ‘మా ఆయనకూ మాటలు ఆలస్యమే’ అనుకుని ఆగకండి. వినికిడి పరీక్ష, థైరాయిడ్ పరీక్ష ముందుగా చేయించండి. పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకు మొదటి రెండు వారాల్లోనే మాత్ర మొదలుపెడితే మెదడు ఎదుగుదల దెబ్బతినకుండా కాపాడొచ్చు. ఒక చిన్న రక్త పరీక్ష, రోజుకో చిన్న మాత్ర.

మళ్లీ కల్లెడకు వస్తే, ఆ ఊరి నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లింది కూడా ఒకరున్నారు. విలువిద్యలో వర్ధినేని ప్రణీత, 2008లో బీజింగ్‌లో పోటీపడింది. ఆమె చదువుకున్నదీ కల్లెడలోని ఆర్డీఎఫ్ బడిలోనే. ఒక్క పల్లె నుంచి ఇద్దరు అంత దూరం వెళ్లారంటే దాన్ని కేవలం వాళ్ల పట్టుదల ఖాతాలో వేయడం నాకు మింగుడుపడదు. అక్కడ ఒక మైదానం ఉంది, గమనించే కళ్లున్నాయి. దీప్తి ఓర్పు గురించి మనం చెప్పుకునేటప్పుడు ఆ తీపి అన్నం, ఆ పీఈటీ సారు, ఆ పరీక్షలు కథలోంచి జారిపోతున్నాయి. అవి జారిపోయాక మిగిలింది తీసుకెళ్లి మంచం మీద ఉన్న మనిషికి చూపిస్తున్నాం.

నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

‘నేను చేయగలను’ అన్న నమ్మకం మనిషికి ఎలా వస్తుందన్నది మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించారు. ఆయన చెప్పిన నాలుగు దారుల్లో బలమైనది, మనం స్వయంగా ఒక పని చేసి నెగ్గడం. ఇతరులు నెగ్గడం చూడటం దాని తర్వాతే. అది కూడా చూసే మనిషి మనలాంటివాడైతే బాగా పనిచేస్తుంది. మాటలతో ప్రోత్సహించడం ఇంకా వెనక. నాలుగోది ఒంటి స్థితి. గుండె దడ, అలసట, భయం ఉంటే నమ్మకం సన్నగిల్లుతుంది.

దీన్ని మా పెద్దాయనకు వర్తింపజేసి చూడండి. పారిస్ పతకం ఆయనకు మరీ దూరం. నాలుగు నెలలుగా ఆయన నెగ్గిన పని ఒక్కటీ లేదు. మాటలు మాత్రం రోజూ పడుతున్నాయి. పైగా నిద్ర లేదు, తిండి సహించడం లేదు, కొట్టు గురించి అడిగినా ముఖం తిప్పుకుంటున్నారు. అది బద్ధకం కాదు, డిప్రెషన్. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడింట ఒక వంతు మందికి ఇది వస్తుంది. మెదడుకు తగిలిన దెబ్బకూ దీనికీ సంబంధం ఉంది. ఇది ఉన్నంతకాలం మనిషి వ్యాయామం చేయడు, చేయకపోతే కాలు రాదు, కాలు రాలేదని ఇంకా కుంగిపోతాడు. ‘ధైర్యం తెచ్చుకో’ అనడం దీనికి వైద్యం కాదు. మందులున్నాయి, పనిచేస్తాయి. అయితే రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి.

కొడుకును మళ్లీ లోపలికి పిలిచాను. “మూడు నెలలు దాటింది కదా సార్, ఇగ రావాల్సింది వచ్చినట్టేనా?” అన్నాడు. అతని కోపం వెనక ఉన్న భయం అప్పుడు బయటపడింది. మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, నిజమే. తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. ఆ మాట అతనికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే తండ్రిని అంతగా తరిమేవాడు కాదేమో.

డిప్రెషన్‌కు మందు రాశాను. ఫిజియోథెరపిస్ట్ దగ్గర కూర్చోబెట్టి ఒకే ఒక్క పని ఖాయం చేశాం. మంచం అంచు నుంచి లేచి నిలబడటం, పూటకు ఐదుసార్లు. పక్కన మనిషి ఉండాలి. లేపేటప్పుడు పట్టు తప్పిన చేతిని పట్టి లాగకూడదు, భుజం కీలు జారుతుంది. ఇది చాలా ఇళ్లలో తెలియక చేసే పొరపాటు. నడుము దగ్గర ఆసరా ఇవ్వాలి. చేసిన ప్రతి రోజుకూ గోడ క్యాలెండర్ మీద ఒక టిక్కు, అది ఆయనే కుడిచేత్తో పెట్టాలి. వీడియోలు బంద్.

“మరి నేనేం చేయాలె?” అన్నాడు కొడుకు. ఆదివారం వచ్చినప్పుడు ఆయనను కూర్చోబెట్టుకుని కొట్టు లెక్కలు అడగమన్నాను. చేయి పడిపోయింది గానీ ఎవరి ఖాతా ఎంతో ఆయనకు నోటికి వచ్చు.

ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చారు. చేతికర్రతో, భార్య పక్కన నడుస్తుండగా. గేటు నుంచి ఓపీ దాకా మధ్యలో రెండుసార్లు ఆగారట. వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. అవి ఎంతవరకు తెరుచుకుంటాయో నేనిప్పుడు చెప్పలేను, ఆయనకూ అదే చెప్పాను. నిద్ర పడుతోందా అని అడిగితే తలూపారు. తర్వాత జేబులోంచి మడత పెట్టిన క్యాలెండర్ కాగితం తీసి బల్ల మీద పరిచారు. టిక్కుల మధ్య నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయి.

“ఈ నాలుగు దినాలు జరమొచ్చింది సార్” అన్నారు, నేను అడక్కముందే.