టీవీకి హోం థియేటర్ కలపడం – చివరి వరుసకు మాట అందేలా

ఈ వార్షికోత్సవానికి మా బ్యాచ్ వాళ్లం తలా కొంత వేసుకుని మన టీవీ హాలుకు ఒక హోం థియేటర్ ఇవ్వాలని నిర్ణయించుకున్నాము. సెట్టు ఇచ్చి ఫోటో దిగి వెళ్లిపోతే చాలదు. మళ్లీ ఏడాదికి మేము వచ్చేసరికి అది వైర్లు ఊడి మూలన పడి ఉండకూడదు. అందుకే అది టీవీకి ఎలా కలుస్తుందో, మన హాలులో ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాము. ఇంట్లోకి చవక సెట్టు కొనదలచిన మిత్రులకు కూడా ఇది పనికివస్తుంది.

అసలు దీని అవసరమేమిటో ముందు చూద్దాం. మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో టీవీ అంటే పెద్ద డబ్బా. అందులో స్పీకరుకు చోటు ఉండేది. ఇప్పటి ఎల్ఈడీ టీవీ ఒక పలక. దాని స్పీకర్లు చిన్నవి, చాలా టీవీల్లో అవి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. నలుగురున్న ఇంట్లో ఆ శబ్దం చాలు. పైన ఫ్యాన్లు తిరుగుతూ, కింద హాలు నిండా పిల్లలు కూర్చునే చోట చాలదు. చిన్న తరగతుల వాళ్లను ముందు కూర్చోబెట్టడం మన ఆనవాయితీ కనుక చివరి వరుస ఎప్పుడూ పదో తరగతి వాళ్లదే. టీ-సాట్ విద్య ఛానల్లో లెక్కల పాఠం వస్తుంటే, సారు పదిహేను అన్నారో పదహారు అన్నారో తెలియక పక్కవాడి నోటు పుస్తకంలోకి తొంగిచూసేది వాళ్లే. పబ్లిక్ పరీక్ష రాసేదీ వాళ్లే.

వాల్యూం పెంచితే సరిపోదా అని అడగవచ్చు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే ఐదడుగుల దూరంలో ఉన్నవాడికి అందేదానిలో ఇరవై అడుగుల దూరంలో ఉన్నవాడికి పదహారో వంతే అందుతుంది. హాలులో గోడల ప్రతిధ్వని వల్ల అంతగా పడిపోదు గాని, ఆ ప్రతిధ్వని మాటను అలికేస్తుంది. వెనుకవాడి కోసం వాల్యూం పెంచితే ముందున్న ఐదో తరగతి పిల్లవాడు చెవులు మూసుకుంటాడు, వెనుకవాడికి గోల ఎక్కువవుతుంది తప్ప మాట స్పష్టం కాదు. కాబట్టి కావలసింది పెద్ద శబ్దం కాదు, మాట చెప్పే స్పీకరు వినేవాడికి దగ్గరగా రావడం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువు.

ఇక కలపడం. ముందు టీవీ వెనుక టార్చిలైటు వేసి ఏయే రంధ్రాలు ఉన్నాయో చూడండి. ఎరుపు, తెలుపు రంగుల గుండ్రని పిన్నులు కనబడగానే వైరు గుచ్చేయకండి. వాటి పక్కన ‘ఇన్’ అని ఉందో ‘ఔట్’ అని ఉందో చదవండి. ఇప్పటి టీవీల్లో అవి చాలావరకు లోపలికి తీసుకునేవే. మనకు కావలసింది శబ్దాన్ని బయటికి ఇచ్చేది.

టీవీకి హెడ్‌ఫోను రంధ్రం ఉంటే పని తేలిక. ఒక వైపు హెడ్‌ఫోను పిన్ను, మరో వైపు ఎరుపు తెలుపు పిన్నులు ఉన్న వైరు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. దాన్ని హోం థియేటర్ వెనుక ‘ఆక్స్’ అని రాసి ఉన్న చోట పెట్టి, రిమోట్‌లో ఆక్స్ నొక్కాలి. టీవీ వాల్యూం ముప్పావు వంతు దగ్గర ఉంచి, మిగతాది హోం థియేటర్‌లో సరిచేసుకోవాలి.

హెడ్‌ఫోను రంధ్రం లేని టీవీలు ఇప్పుడు ఎక్కువ. వాటికి ‘ఆప్టికల్’ అనే చిన్న చదరపు రంధ్రం ఉండవచ్చు, అందులో ఎర్రని వెలుగు కనిపిస్తుంది. 1983లో తోషిబా కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది, శబ్దం వెలుగు రూపంలో పోతుంది. ఆ వైరు కొసలకు చిన్న ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి, అవి తీయకుండా గుచ్చి ‘సెట్టు పనిచేయడం లేదు’ అనేవాళ్లు చాలామంది. ఆ వైరును మడత పెట్టకూడదు. మీ సెట్టుకు ఆప్టికల్ రంధ్రం లేక ఆక్స్ మాత్రమే ఉంటే మధ్యలో ‘డాక్’ అనే చిన్న పెట్టె పెట్టాలి. అది కొన్ని వందల రూపాయలకే వస్తుంది, వెలుగుగా వచ్చినదాన్ని మామూలు శబ్ద సంకేతంగా మార్చి ఎరుపు తెలుపు పిన్నులకు ఇస్తుంది. అయితే ఈ చవక పెట్టెల్లో చాలావాటికి ‘పీసీఎం’ అనే రూపం ఒక్కటే అర్థమవుతుంది. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అనే చోట పీసీఎం ఎంచుకోకపోతే అంతా సరిగ్గా కలిపినా చప్పుడు రాదు. సెట్టును షాపుకు మోసుకుపోయే ముందు ఈ ఒక్కటి చూడండి.

మూడోది హెచ్‌డీఎంఐ. 2009లో వచ్చిన 1.4 రకం నుండి ఇందులో ‘ఏఆర్‌సీ’ అనే సదుపాయం ఉంది, టీవీ శబ్దం అదే వైరు మీద వెనక్కి హోం థియేటర్‌కు వెళ్తుంది. టీవీలోనూ సెట్టులోనూ ఆ మాట రాసి ఉన్న రంధ్రాల్లోనే వైరు పెట్టాలి, పక్క రంధ్రంలో పెడితే రాదు. సెట్టింగుల్లో ‘సీఈసీ’ ఆన్ చేయాలి. కంపెనీకొక పేరుతో ఉంటుంది కాబట్టి కొంచెం వెతకవలసి వస్తుంది. ఇది కుదిరితే టీవీ రిమోట్‌తోనే హోం థియేటర్ వాల్యూం కూడా మారుతుంది. మా ఓటు దీనికే. బ్లూటూత్ కూడా ఉంటుంది గాని మాట పెదాల కంటే వెనుకబడే అవకాశం ఉంది. పైగా దారిన పోయే ఎవరి ఫోనో కలిసిపోయి, యాదగిరి ఛానల్ వార్తల మధ్యలో డీజే పాట మొదలైందంటే ఇక హాలును ఆపడం ఎవరి తరమూ కాదు.

ఎలా కలిపినా చివర టీవీ సొంత స్పీకర్లను ఆపేయండి. రెండూ మోగితే మాట జంటగా వినబడుతుంది.

ఇప్పుడు 5.1 అనే అంకె సంగతి. ఐదు స్పీకర్లు, వాటికి తోడు దడదడలాడించే వూఫరు ఒకటి అని దాని అర్థం. ముందు ఎడమ, కుడి, మధ్య. వెనుక ఎడమ, కుడి. సినిమాల్లో మాటలు చాలావరకు మధ్య స్పీకరులో వస్తాయి, వెనుక వాటిలో వాన, జనం చప్పుడు వంటివి వస్తాయి. ఆరు దారులుగా కలిపిన శబ్దం టీవీ నుండి వచ్చి, దాన్ని విడదీసే డాల్బీ వంటి ఏర్పాటు సెట్టులో ఉంటేనే ఇది జరుగుతుంది. ఎరుపు తెలుపు పిన్నుల జత ఒక్కటే కలిపితే వెళ్లేది రెండు దారుల శబ్దమే. చవక సెట్లు దాన్నే ఐదింటికీ పంచుతాయి. ‘అది అసలైన 5.1 కాదు’ అని తెలిసినవాళ్లు పెదవి విరుస్తారు. మన హాలుకు మాత్రం అదే మేలు అంటాము. అసలైన 5.1లో వెనుక స్పీకరు పక్కన కూర్చున్నవాడికి వాన చప్పుడు బాగా వినిపించి సారు మాట వినబడదు. పంచినప్పుడు అదే స్పీకరులో సారు మాట వస్తుంది. కొన్ని సెట్లు వెనుక వాటికి మాట తీసేసి మిగతాది పంపుతాయి. అందుకని కొనేటప్పుడు షాపులోనే వార్తలు పెట్టించి, వెనుక స్పీకరుకు చెవి ఆనించి వినాలి.

అమరిక విషయానికి వస్తే, ఆ సెట్టుతో వచ్చే బొమ్మ సోఫాలో కూర్చున్న ఒక్క మనిషి కోసం గీసినది. మనం దాన్ని పట్టించుకోనక్కరలేదు. మధ్య స్పీకరు టీవీ కిందే ఉంచాలి. వెనుక స్పీకర్లను హాలు చివర గోడకు కాకుండా, హాలు పొడవులో సగం దాటాక రెండు పక్క గోడలకు, కూర్చున్నవారి తలల కంటే రెండు మూడడుగుల ఎత్తున, చివరి వరుస వైపు తిప్పి బిగించాలి. శబ్దం అడుగు దూరం పోవడానికి సుమారు సెకనులో వెయ్యోవంతు పడుతుంది, కాబట్టి ముప్పై అడుగుల వెనుక పెడితే ముందు స్పీకరు మాట, వెనుక స్పీకరు మాట కాస్త వెనకా ముందూ అవుతాయి. సగంలో పెడితే ఆ తేడా తగ్గుతుంది. వూఫరును మూలన పెట్టకండి, మూలన దాని మోత పెరిగి మాటను మింగేస్తుంది. పాఠాలప్పుడు దాన్ని బాగా తగ్గించాలి. క్రికెట్ ఫైనల్ రోజు మీ ఇష్టం. ఉత్త సిమెంటు గోడలు మోగుతుంటే నేల మీద జంపఖానాలు పరిచి, వెనుక గోడకు మందపాటి దుప్పట్లు రెండు వేలాడదీయండి. ఖర్చు లేని పని, తేడా వెంటనే తెలుస్తుంది.

స్పీకరు వైర్లలో ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే కలపాలి. ఒకదానికి తారుమారైతే ఆ స్పీకరు మిగతా వాటికి ఎదురు పనిచేసి శబ్దం పలచబడుతుంది. కొసన తీగపోగులు ఒకదానికొకటి తగలకుండా మెలిపెట్టాలి, తగిలితే సెట్టు కాలిపోవచ్చు. గుయ్‌మని రొద వస్తుంటే టీవీ, సెట్‌టాప్ బాక్సు, హోం థియేటర్ మూడింటినీ ఒకే బోర్డు నుండి పెట్టి చూడండి. రొద పోతుందని ఎవరైనా ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టమంటే వినకండి. అది ఎర్తు, షాకు కొట్టకుండా కాపాడేది అదే. తడి చేతులతో ముట్టవద్దు. ఉరుములప్పుడు ప్లగ్గు, డిష్ వైరు రెండూ తీసేయాలి.

కొనబోయే మిత్రులకు ఒక మాట. అట్టపెట్టె మీద పీఎంపీవో అని వేల వాట్లు రాసి ఉంటే మురిసిపోకండి. 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్ల ప్లగ్గు ఇవ్వగలిగేది 1380 వాట్లు. దాని నుండి పదివేల వాట్ల మోత నిలకడగా ఎక్కడి నుండి వస్తుంది? ఆర్ఎంఎస్ అని రాసిన అంకె ఒక్కటే చూడండి.

సెట్టు బిగించే రోజు మేము నలుగురం వస్తాము. ఏ వైరు ఎక్కడిదో రంగు టేపు చుట్టి, పాఠాలకు వూఫరు ఎంత, వాల్యూం ఎంత అన్నది కాగితం మీద రాసి టీవీ పక్కన అతికిస్తాము. ఆ అంకెలు తేల్చడానికి పదో తరగతి తమ్ముళ్లు ఇద్దరు చివరి వరుసలో కూర్చుని చేయి ఎత్తి చెప్పాలి. బిల్లు, గ్యారంటీ కార్డు వార్డెన్ గారి బీరువాలో ఉంటాయి.