టీయూ-142: ఒక ఘోషవిమానపు చరిత్ర

ఆకాశమున నెగిరిన ప్రొపెల్లరు విమానములలో మహాఘోష గలదియని పేరుమోసిన యొక విమానమునకు, కడలిలోతులలో సడిచేయక సంచరించు జలాంతర్గాముల అలికిడిని పసిగట్టు పని యప్పగింపబడుట యంత్రచరిత్రలోని వింతలలో నొకటి. సోవియట్ దేశమున టుపోలెవ్ నిర్మాణశాలలో రూపొంది, మన నౌకాదళమున 1988 మొదలు 2017 వఱకు కొలువుచేసిన టీయూ-142 అనునది యా విమానము.

ఇది పుట్టుకచే గస్తీవిమానము కాదు. 1950 ప్రాంతమున, అమెరికా వఱకు బాంబులు మోసికొనిపోయి తిరిగిరాగల విమానము కావలెనని సోవియట్ ప్రభుత్వము కోరగా, ఆనాటి జెట్ ఇంజనులు ఇంధనమును విపరీతముగా త్రాగుచుండుటచే, ఆండ్రీ టుపోలెవ్ టర్బోప్రొప్ ఇంజనుల నెన్నుకొనెను. కుయ్‌బిషెవ్ నగరమున కుజ్‌నెత్సోవ్ ఆధిపత్యమున, యుద్ధానంతరము జర్మనీనుండి తరలింపబడిన ఇంజనీర్ల పాటవమును తోడుకాగా తయారైన ఎన్‌కే-12 ఇంజను ఒక్కొక్కటి సుమారు 15,000 అశ్వశక్తి గలది. ఇంతటి బలమును ఒక్క ప్రొపెల్లరు గాలికందీయవలెనన్నచో దాని వ్యాసము నేలను తాకునంత పెరుగవలసివచ్చును. అందుచే ఒకే ఇరుసుపై నాలుగేసి రెక్కల ప్రొపెల్లర్లు రెండు, ఒకటి కుడికి, ఒకటి యెడమకు తిరుగునట్లు, ఒకదానివెనుక నొకటి యమర్పబడెను. ముందరిది గాలిలో పుట్టించిన సుడిని వెనుకది విప్పి, వృథాకాబోవు శక్తిని సైతము వేగముగా మార్చును. వ్యాసము 5.6 మీటర్లు, నిమిషమునకు 750 చుట్లకు మించని నిదానమైన భ్రమణమే యైనను, గంటకు 900 కిలోమీటర్లకు పైబడిన విమానవేగము తోడగుటచే రెక్కల కొనలు ధ్వనివేగము నతిక్రమించును. ఆ మహాఘోషకు మూలమిదియే. టీయూ-95 అను నీ బాంబర్ 1952 నవంబరులో తొలిసారి యెగిరెను.

1960లో అమెరికావారి జార్జి వాషింగ్టన్ జలాంతర్గామి నీటిలో మునిగియుండియే పొలారిస్ క్షిపణిని ప్రయోగించుటతో కథ మలుపు తిరిగెను. క్షిపణి పరుగు పెరిగినకొలది అది దాగియుండదగిన సముద్రవైశాల్యమును పెరుగుచుండుటచే, గంటలతరబడి వెదకుచు సుదూరజలములపై నిలువగల విమానము సోవియట్లకు కావలసివచ్చెను. పాత బాంబర్‌నే సాగదీసి, కడుపున వెదకు పరికరములను నింపగా, 1968 జూనులో టీయూ-142 తొలిసారి యెగిరెను.

దాని పనితీరు కొంచెము నిదానముగా చెప్పదగినది. సముద్రజలమున వెలుతురు కొలది లోతుననే యణగారును, రేడియోతరంగములు చొరవు, ధ్వని మాత్రము సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగమున, గాలిలోకంటె నాలుగింతలు మించి, బహుదూరము పోవును. కాని యెగురు విమానము నీటిలో చెవి ముంచుటెట్లు? చెవులనే జారవిడుచుట దానికి ఉపాయము. సోనోబాయ్ అను గొట్టము చిన్న పారాచూట్‌తో దిగి నీటిని తాకినంతనే, దాని పైభాగము తేలి యాంటెనాను నిలుపును. లోపలినుండి సన్నని తీగకు వ్రేలాడుచు హైడ్రోఫోను లోతునకు దిగి, తాను విన్నదానినెల్ల విమానమునకు రేడియోద్వారా పంపును. ఎంతలోతునకు దింపవలెననుట యొక విద్య: పైనీరు వెచ్చనై క్రిందినీరు చల్లనై యుండు చోట ధ్వని వంగిపోవుటచే, ఆ పొర క్రింద నక్కిన జలాంతర్గామి పైనున్న చెవికి వినరాదు. కొన్ని సోనోబాయ్‌లు ఊరక వినును. కొన్ని, నూతిలోనికి వంగి కేకవేసిన పిల్లవానివలె, తామే శబ్దముచేసి మాఱుమ్రోతకై యెదురుచూచును. బ్యాటరీ తీరినపిమ్మట నీరు నింపుకొని మునిగిపోవును. వానిని మరల తెచ్చుకొనుట యుండదు.

అనుమానము బలపడినపిమ్మట ఉక్కుదేహము భూమి యయస్కాంతక్షేత్రమును కలచుటను పసిగట్టు పరికరము ఉపయోగమునకు వచ్చును. విమానపు సొంత లోహమునకు దూరముగ తోకరెక్క కొనయందమర్చిన యీ పరికరము కొన్ని వందల మీటర్లకు మించి పనిచేయదు గనుక, ఇంతటి భారీవిమానమును అలలకు చేరువగా దిగవలసియుండును.

మఱి ఘోష మాటేమి? తన యరుపు తన చెవులకే యడ్డుపడదా? ప్రకృతి యిక్కడ వేటగాని పక్షమున నున్నది. గాలినుండి నీటిని ఏటవాలుగా తాకు ధ్వని దాదాపు సమస్తమును వెనుకకు పరావర్తనము చెందును. నిట్టనిలువునకు సుమారు 13 డిగ్రీలలోపు దిగునది మాత్రమే చక్కగా లోనికి పోవును. కావున విమానము సరిగ నెత్తిపైనుండి పోవునప్పుడే క్రిందివారికి దాని గర్జన వినవచ్చును. అప్పటికి వారు వినియు చేయగలిగినది స్వల్పము.

మన దేశమునకు దీని యవసరమును నేర్పినది 1971 యుద్ధము. విశాఖపట్నపు జలములలో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగినను, డిసెంబరు 9న అరేబియా సముద్రమున హంగోర్ అను మఱియొక జలాంతర్గామి మన ఖుక్రీ నౌకను ముంచివేసెను. నాడు నౌకాదళమునకు దూరగామి గస్తీవిమానములు తనవిగా లేకుండెను; 1976లో వైమానికదళమునుండి పాత సూపర్ కాన్‌స్టెలేషన్లు వచ్చినవి. 1988లో ఎనిమిది టీయూ-142లు గోవా చేరి, ఆ యేడే మాల్దీవుల సైనికచర్యలో పాల్గొని, 1992లో తమిళనాటి అరక్కోణమునకు మారెను. తోకలో 23 మిల్లీమీటర్ల జంట తుపాకులతో, పదిమందికి మించిన సిబ్బందితో, ఒక్క ప్రమాదమైనను లేక అవి కొలువు ముగించుట సామాన్యము కాదు.

వానిలో నొకటి 2017లో విశాఖకు ఎగిరివచ్చి, విడదీయబడి, ఆర్.కె. బీచ్ రోడ్డున మరల కూర్పబడి ప్రదర్శనశాలయైనది. దాని యెదుటనే సముద్రపుటొడ్డున 2002 నుండి కుర్సురా జలాంతర్గామియు ప్రదర్శనశాలగా నున్నది. వేటకత్తెయు, వేటయగు జాతియు రెండును సోవియట్ కర్మాగారములలోనే పుట్టుట గమనింపదగినది. కుర్సురావంటి డీజిల్ జలాంతర్గామి బ్యాటరీలపై నడచునంతసేపును హైడ్రోఫోనుకు దాదాపు దొరకదు. కాని బ్యాటరీల నింపుకొనుటకు గాలి కావలెను, గాలికై గొట్టమైనను నీటిపై కెత్తవలెను, ఎత్తిన క్షణమున రాడారునకు చిక్కును. ఒక పూట రెండింటిలోపలికిని వెళ్లి చూచినవారికి ఈ విషయము ఏ గ్రంథమునకంటెను బాగుగ బోధపడును.

టీయూ-142ల స్థానమున అరక్కోణమున నేడు బోయింగ్ పీ-8ఐ విమానములున్నవి. రెండే జెట్ ఇంజనులు. ఎత్తుననుండియే వెదకుట వాని పద్ధతి. అమెరికా నౌకాదళము తన పీ-8ఏలలో అయస్కాంతపరికరమును వదలివేసినది. మనవారు మాత్రము తమ విమానములలో దానిని పట్టుబట్టి పెట్టించుకొనిరి.