సొంత భూమిలో తుపాకి, పొరుగువాని చెవి

“నా భూమి; నా తుపాకి; లైసెన్సు కూడ నా పేరనే యున్నది. ఇంక నన్ను అడ్డుటకు నీ వెవ్వడవు?”

ఈ మాట వినుటకు న్యాయముగనే తోచును. గుండు పొరుగుపొలములో పడలేదు. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. గట్టు దాటిపోయినది చప్పుడు మాత్రమే. అయినను ఆ చప్పుడు కారణముగ తుపాకి కాల్చినవాడు కోర్టులో నిలువవలసి వచ్చునా? వచ్చినచో అతడు పోగొట్టుకొనున దేమి? ఈ విషయమును కొంత విపులముగ చెప్పదలచినాము.

ఇంగ్లండులో 1936వ సంవత్సరమున తీర్పు చెప్పబడిన వ్యాజ్య మొకటి దీనికి చక్కని ఉదాహరణము. కెంటు మండలములో హాలీవుడ్ సిల్వర్ ఫాక్స్ ఫార్మ్ అను సంస్థ యుండెను. పేరు చూచి సినిమాల సంగతి యని పొరబడరాదు. అది నక్కలను పెంచు స్థలము. వెండినక్క యనునది ఎఱ్ఱనక్క జాతిలోనిదే. నల్లని వెంట్రుకల కొసలు తెల్లగా మెరయుటచే దాని కాపేరు వచ్చినది. ఆ దినములలో దాని చర్మమునకు సీమలో మంచి గిరాకి యుండెను. అయితే ఆడనక్క మహా పిరికిది. ఈనెడి కాలములో పెద్ద చప్పుడు విన్నచో అది మగదానిని దరిజేరనీయదు. లేదా బెదరి తన పిల్లలను తానే చంపుకొనును.

పక్క భూమి ఎమెట్ అను నతనిది. అతడు ఆ భూమిని ఇండ్లస్థలములుగ విభజించి అమ్మదలచెను. నక్కల పెంపకమును చాటుచు నిలిచిన బోర్డు దారిన పోవువారికి కనబడుచుండుటచే, కొనవచ్చినవారు వెనుదీయుదురని అతని భయము. బోర్డు తీయుమని అడిగెను, వారు తీయమనిరి. అంతట అతడు తన కుమారునికి తుపాకి యిచ్చి, నక్కల బోనులకు సమీపముగ, తమ సరిహద్దు లోపలనే నిలిచి కాల్చుమని పంపెను. వ్యాజ్యము వచ్చినప్పుడు, కుందేళ్ళ బెడద తగ్గించుటకు కాల్చితి మనెను.

ప్రతివాది పక్షమున రెండు బలమైన వాదములు గలవు. మొదటిది: 1895లో ఇంగ్లండు ప్రభువుల సభ బ్రాడ్‌ఫర్డు పురపాలక సంఘమునకును పికిల్సు అను భూస్వామికిని నడచిన వ్యాజ్యములో, తన భూమిలోపలి ఊటనీటిని ఎవడైనను తీసికొనవచ్చును, అతని మనసులోని దురుద్దేశముతో చట్టమునకు పని లేదు అని తీర్మానించెను. తుపాకి విషయములో మాత్రము ఉద్దేశ మేల చూడవలెను? రెండవది: నక్కల పెంపకము అసాధారణ వ్యాపారము, మామూలు పశువులు ఓర్చుకొను చప్పుడును నక్కలు ఓర్వకున్నచో ఆ తప్పు పొరుగువానిది కాదు.

న్యాయమూర్తి మెక్‌నాటన్ ఈ రెండింటిని త్రోసివేసెను. నీటి విషయములో భూస్వామి హక్కు అవధి లేనిది. చప్పుడు విషయమున అట్టి హక్కు ఎవ్వరికిని లేదు. ఇరుగుపొరుగుల నడుమ సమంజసమైనంత చప్పుడే చేయవలెను. సమంజస మగునా కాదా యని తూచునప్పుడు, ఎందుకు చేసితి వనునది కూడ ఆ త్రాసులో పడును. నిజముగ కుందేళ్ళకొరకే కాల్చియున్నచో ఫలితము వేరుగ నుండెడిదేమో! పొరుగువానిని నొప్పించుటకే కాల్చినందున అది న్యూసెన్సు అయ్యెను.

ఆయన ఇచ్చిన ఉత్తరువు గమనింపదగినది. నష్టపరిహారముతో పాటు నిషేధాజ్ఞయు ఇచ్చెను. కాని అది సంవత్సరము పొడవునకు కాదు. జనవరి 1 మొదలు జూన్ 15 వరకు, అనగా నక్కల ఈతకాలమున మాత్రమే, వానిని బెదరించునట్లు తుపాకి కాల్చరాదనెను. తక్కిన కాలమున ఎమెట్ తుపాకి ఎమెట్‌దే. చట్టము ఒకని హక్కును పూర్తిగ పెరికివేయక, అవసరమైనంత మేరకే కత్తిరించు విధ మిది. మా దృష్టిలో ఈ వ్యాజ్యమున కెల్ల మెచ్చదగిన భాగ మిదియే.

రేడియో గల కుటుంబములకు పనికివచ్చు వ్యాజ్యము మరియొకటి గలదు. 1893లో క్రిస్టీ, డేవీ అను ఇరుగుపొరుగువారి నడుమ తగవు వచ్చెను. ఒక ఇంట సంగీతపాఠములు. రెండవ ఇంట వానికి విసిగిన గృహస్థుడు ఉమ్మడి గోడను తట్టుచు, ఈలలు వేయుచు, కేకలు పెట్టుచు పగ తీర్చుకొనెను. కోర్టు ఆపుమన్నది పాఠములను కాదు, పగతో చేసిన ఆ గోలను.

ఇక మన దేశము సంగతి. ఇంగ్లండు న్యాయస్థానముల ఈ సూత్రములనే మన సివిల్ కోర్టులును పెక్కుపాళ్ళు అనుసరించుచున్నవి. బాధ పడినవాడు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము క్రింద శాశ్వత నిషేధాజ్ఞను, వ్యాజ్యము నడచునంతలో తాత్కాలిక నిషేధాజ్ఞను కోరవచ్చును. బాధ ఒక్క ఇంటిది కాక వాడకంతటికి తగిలినచో అది పబ్లిక్ న్యూసెన్సు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో దానికి, వేరే శిక్ష చెప్పబడని యెడల, వేయి రూపాయల వరకు జరిమానా గలదు.

వేయి రూపాయలే కదా యని తేలికపడరాదు. ఆయుధచట్టము 17వ సెక్షను క్రింద, ప్రజాశాంతికి అవసరమని తోచినచో అధికారి లైసెన్సును నిలిపివేయవచ్చును, రద్దు చేయవచ్చును. పెండ్లిలోనో ఉత్సవములోనో ముచ్చటకు తుపాకి ప్రేల్చి ఇతరులకు ప్రమాదము తెచ్చినవానికి, 2019 సవరణ ననుసరించి రెండేండ్ల వరకు ఖైదు గాని, లక్షరూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. సివిల్ కోర్టు ఇచ్చిన తాత్కాలిక నిషేధాజ్ఞను మీరినచో ఆస్తి జప్తునకును, మూడు నెలల వరకు సివిల్ జైలునకును అవకాశము గలదు. మొదటి చప్పుడుకన్న, కోర్టు వలదన్న తరువాత చేసిన చప్పుడు ఖరీదైనది!

పంటను కాపాడుకొను రైతు మాట వేరు. మూతినుండి మందు కూరి కాల్చు తుపాకికి నిజమైన పంటరక్షణ నిమిత్తము లైసెన్సు ఇచ్చుటకు ఆయుధచట్టములోనే ఏర్పాటు గలదు. అడవిపందులు పడిన రాత్రి అతడు చేసిన చప్పుడును, పొరుగువానిపై కక్షతో చేసిన చప్పుడును కోర్టు ఒకే గాట కట్టదు. మృగమును చంపుట మాత్రము వేరు చట్టమునకు లోబడిన పని.

ఫిర్యాదు చేయువారికి ఒక్క సూచన. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలలో నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు అను హద్దు గలదు. అయితే అది కొంతకాలపు సగటును బట్టి లెక్కించునది. క్షణములో ప్రేలి మాయమగు తుపాకి చప్పుడు ఆ సగటులో సులభముగ అణగిపోవును. కావున యంత్రపు లెక్కనే నమ్ముకొనక, ఏ దినమున, ఏ గంటకు, ఎన్నిమారులు ప్రేలినది, ఇంటిలో ఎవరు ఉలికిపడిరి, పశువు లేమైనవి అను వివరములను ఒక నోటుపుస్తకములో వెంటవెంటనే వ్రాసియుంచుకొనవలెను. పొరుగున మరియొకరు కూడ విన్నచో వారి పేరును ఆ పుటలోనే చేర్చవలెను. కాల్చుటకు ముందు బెదరింపుమాట ఏదైన వచ్చియున్నచో, దానిని అన్నిటికన్న పైన వ్రాయవలెను.