కిన్నెర బుఱ్ఱ

తీగెవాద్యమునకు రెండు పనులు గలవు. తీగె మ్రోగవలెను, ఆ మ్రోత దూరమున గూర్చున్నవారికి వినబడవలెను. మొదటిది సులభము. రెండవ దానికే లోకమంతయు పాటుపడుచున్నది. రెండు మేకుల నడుమ సన్నని తీగె బిగించి మీటి చూడుడు. మీటిన వ్రేలికి తెలియునే కాని ప్రక్కగదిలోని అత్తగారికి వినబడదు. ఆ తీగెనే బోలుపెట్టెమీద బిగించినచో పెట్టెయు, దాని లోనిగాలియు గూడ కదలి ధ్వనిని పెంచును. మన వీణకు కుండ యిందులకే యున్నది. బొబ్బిలివారు ఒకే పనసమొద్దును తొలిచి కుండను దండితో గూడ చెక్కుదురు.

పాశ్చాత్యుల విద్యుత్ గిటారులలో పెక్కింటికి ఈ బోలు లేదు. గట్టికొయ్యయే వాని ఒడలు. తీగె కదలికను విద్యుత్తుగా మార్చి, ఆంప్లిఫయరు అను పెట్టెలో దానిని పెంచి, స్పీకరుద్వారా విడుతురు. ఆ పెట్టెలను రాసులుగా చేయు కర్మాగారములుండగా, చిన్నకొట్టులో గూర్చుండి ఒక్కొక్కదానినే చేతితో కూర్చెడి పనివారును గలరు. అమెరికాలో కెన్ ఫిషరు అనునాతడు (2006లో మరణించెను) తాను చేసిన పెట్టెలకు సంఖ్యలు వేయక స్త్రీల పేర్లు పెట్టెడివాడు. కన్నబిడ్డలకు సంఖ్యలు వేయుదుమా?

అట్టి పనివారు మన తెలంగాణమున గూడ గలరు. వారి పెట్టెకు విద్యుత్తు అక్కరలేదు. అది మన పెరటి పందిరిమీద కాయునట్టి సొరకాయ. డక్కలివారి కిన్నెరను గూర్చి చెప్పుచున్నాను. వెదురుకఱ్ఱ దీనికి దండి. ఎండి బోలైన బుఱ్ఱలు దాని క్రింద కట్టబడును. సొరకాయను కూరకు కోయక ముదురనిచ్చి, గుల్ల యెండిన పిమ్మట లోని గింజలను, పీచును తీసివేసినచో బుఱ్ఱ సిద్ధమగును. విత్తనములు దాచుకొనుటకు మన పెద్దలు వాడిన బుఱ్ఱయు ఇదియే. అయితే విత్తనములకు ఏ బుఱ్ఱయైనను చాలును, కిన్నెరకు చాలదు. పెంకు మందమైనచో నాదము మొద్దుబారును, పలుచనైనచో పగులును. ఏ రెండు కాయలును ఒక్కతీరున పెరుగవు గనుక ఏ రెండు కిన్నెరలును ఒక్కతీరున పలుకవు.

పూర్వము దీని తీగెలకు పశువుల నరములను, మనుష్యుల తలవెండ్రుకలను గూడ వాడెడివారు. రాలిన వెండ్రుకలను చుట్టచుట్టి సవరమునకు దాచుకొను మనకు, అవి సంగీతమునకును పనికివచ్చునని తోచియుండదు! మెట్లను అలుగు పొలుసులతో చేసి తేనెమైనముతో అంటించెడివారు. మన వీణకును మెట్లు మైనముమీదనే నిలుచును గదా. అలుగు ఇప్పుడు చట్టముచే రక్షింపబడిన జంతువు. దాని పొలుసులు ముట్టరాదు. పూసలు, అద్దములు, రంగుగుడ్డలు, ఎద్దుకొమ్ము దీని సొమ్ములు. పెండ్లికూతునకైనను ఇంతకంటె శ్రద్ధగా అలంకారము చేయరు.

ఈ వాద్యమును లోకమునకు తెలిపినవారు దర్శనం మొగిలయ్యగారు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంట వారి గ్రామము. వారిది పండ్రెండు మెట్ల కిన్నెర. పండుగ సాయన్న మొదలగు పాలమూరు వీరుల కథలను దానిమీద పాడుచు ఊరూర తిరిగిరి. 2021లో ఒక చలనచిత్రపు పాటకు వారి గొంతు తోడు కాగా పట్టణములకును వారి పేరు తెలిసినది. 2022లో పద్మశ్రీ వచ్చెను. రాష్ట్రప్రభుత్వము కోటిరూపాయల బహుమానము ప్రకటించెను. రెండేండ్లు గడచినవో లేదో, 2024 మే నెలలో వారు హైదరాబాదు చెంత తుర్కయాంజాలులో ఇండ్లు కట్టుచోట కూలిపని చేయుచున్నారని పత్రికలు వ్రాసినవి. సన్మానము ఒక్కనాటిది, బియ్యము నిత్యమును కావలెను. ఇంటిఖర్చు వ్రాసుకొను మనకు ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు.

అంతకంటె నన్ను కలతపెట్టునది మరియొకటి. పాటను యంత్రములో నిలుపవచ్చును; మొగిలయ్యగారి గొంతు ఇప్పుడును వినవచ్చును. కాని ఏ కాయను ఎన్నుకొనవలెనో, మైనమును ఎంత వేడిలో అంటింపవలెనో అను ఎఱుక యంత్రములో నిలువదు. అది తండ్రిచేతినుండి కొడుకుచేతికి, ప్రక్కన గూర్చుండి చూచినప్పుడే చేరును. ఆ కొడుకు పట్నమునకు కూలికి పోయినచో ప్రక్కన గూర్చుండువా రెవరు?

డక్కలివారివలెనే జాంబపురాణము చెప్పు చిందువారు జనగామ ప్రాంతమున గలరు. దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యగారికి చిందు యక్షగానమునకై 2024లో పద్మశ్రీ లభించినది. అదే సంవత్సరము నారాయణపేట జిల్లా దాసరి కొండప్పగారికి బుఱ్ఱవీణకై ఆ బిరుదే వచ్చినది. వారి వంశమున ఆ వాద్యము పట్టినవారిలో కొండప్పగారిది మూడవ తరము.