సభ గడప తొక్కని శాసనాలు

ప్రజాస్వామ్యంలో చట్టం ఉన్నది ప్రజల్ని అదుపులో పెట్టడానికేనని చాలామంది అనుకుంటారు. పాలించేవారిని అదుపులో పెట్టడం అంతకన్నా పెద్ద పని. అందుకు చట్టంలో ఏం రాశారో చూస్తే చాలదు. అది ఎవరి ముందు చర్చకు వచ్చింది, ఎవరి ఓటుతో పుట్టింది అన్నదీ చూడాలి. బీహార్ అనుభవం దీనికి గట్టి సాక్ష్యం.

శాసనసభ సమావేశాలు లేని సమయంలో తక్షణ అవసరం వస్తే ఆర్డినెన్సు జారీ చేసే అధికారాన్ని రాజ్యాంగం 213వ అధికరణ గవర్నరుకు ఇచ్చింది. గడువూ పెట్టింది. సభ మళ్లీ సమావేశమయ్యాక ఆరు వారాలకు ఆర్డినెన్సు చెల్లకుండా పోతుంది. సమావేశాల మధ్య ఎడం ఆరు నెలలు దాటకూడదు కనుక దాని ఆయుష్షు మహా అయితే ఏడున్నర నెలలు. బీహార్ ప్రభుత్వం దీన్ని దాటవేసే దారి పట్టింది. సమావేశాలు ముగియగానే పాత ఆర్డినెన్సులనే తిరిగి జారీ చేసేది. పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు డి.సి. వాధ్వా ఓపికగా ఈ లెక్కలు వెలికితీశారు. 1967 నుంచి 1981 వరకు సభ చేసిన చట్టాలు 189. గవర్నర్లు జారీ చేసిన ఆర్డినెన్సులు 256. వాటిలో 69 ఆర్డినెన్సులను పదేపదే జారీ చేస్తూ బతికించారు. చెరకు సరఫరా, కొనుగోళ్లపై 1968లో వచ్చిన ఆర్డినెన్సు ఇలా దాదాపు 14 ఏళ్లు నడిచింది. చెరకు రైతు ఓటేసి పంపిన ప్రతినిధికి ఆ నిబంధనల్లో ఒక్క సవరణ కోరే వీలు అన్నేళ్లూ దక్కలేదు.

వాధ్వా వేసిన కేసులో 1986 డిసెంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇలా పదేపదే జారీ చేయడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తేల్చింది. ఆయనకు పదివేల రూపాయలు ఖర్చుల కింద చెల్లించమంది. ఎన్నికైన ప్రభుత్వానికి ఎన్నిక కాని జడ్జీలు అడ్డుపడవచ్చా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. కానీ కోర్టు ఇక్కడ అధికారాన్ని తన చేతిలోకి తీసుకోలేదు, ఎన్నికైన సభకే తిరిగి అప్పగించింది. సభలో అరుపులు తప్ప చర్చ ఎక్కడుందన్న నిస్పృహా ఉంది. దాన్లో నిజముంది. అయినా సభలో ప్రతిపక్షం అడిగిన ప్రశ్న, మంత్రి ఇచ్చిన జవాబు రికార్డులో నిలుస్తాయి. సచివాలయంలో తయారై గెజిట్‌లో తేలే ఆర్డినెన్సుకు అలాంటి పరీక్ష ఉండదు.

మరి ఆర్డినెన్సు మేలు చేసేదైతే? అదే బీహార్‌లో 1989లో 429 ప్రైవేటు సంస్కృత పాఠశాలలను ప్రభుత్వం ఆర్డినెన్సుతో స్వాధీనం చేసుకుంది. ఉపాధ్యాయులు ఇక తాము ప్రభుత్వోద్యోగులమేనని నమ్మారు. ఒకటి తర్వాత ఒకటిగా ఆర్డినెన్సులు వచ్చాయి, ఒక్కదాన్నీ సభ ముందు పెట్టలేదు. 1992లో చివరిదీ మురిగిపోయింది. ఈ వివాదంలో 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆర్డినెన్సును సభ ముందు పెట్టి తీరాలని చెప్పింది. ఆ ఉపాధ్యాయులకు మాత్రం శాశ్వత హక్కేదీ మిగల్లేదు. పాతికేళ్ల ఎదురుచూపు అలా ముగిసింది. అడ్డదారిన వచ్చిన మేలుకు ఎవరి పూచీ ఉండదు. ఈసారి ఏదైనా ఆర్డినెన్సు వచ్చిందని పత్రికలో చదివినప్పుడు, అది మీకు నచ్చినదైనా సరే, బిల్లుగా సభకు ఎప్పుడు వస్తుందని మీ ఎమ్మెల్యేను అడగండి.