356 మైళ్ల కారు

మల్కాజ్‌గిరి నుంచి చార్మినార్‌కి వెళ్లి రావాలంటే అటూ ఇటూగా 25 కిలోమీటర్లు. రోజూ ఒకసారి వెళ్లొస్తే 23 రోజుల్లో మీ బండి మీటర్ 573 కిలోమీటర్లు దాటేస్తుంది. చార్మినార్‌కి దగ్గర్లోనే, చౌమహల్లా ప్యాలెస్‌లో ఒక పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. అది 1912 నాటి బండి. 1947 వచ్చేసరికి, అంటే 35 ఏళ్లలో, దాని మీటర్‌లో పడింది 356 మైళ్లే. మన లెక్కలో ఆ 573 కిలోమీటర్లు.

ఇంత తక్కువ తిరిగింది కాబట్టి "కొత్తదానిలా ఉంది, ఫుల్ ఒరిజినల్" అని దాని ముందు సెల్ఫీ దిగేవాళ్లు అంటుంటారు. పాత కార్ల గురించి నాలుగు నెలలుగా చదువుతున్నాను, అందుకే ఈ మాట వినగానే నోరు ఊరుకోదు. తక్కువ తిరగడం వేరు, మెరవడం వేరు, ఒరిజినల్‌గా ఉండటం వేరు.

ముందు కారు సంగతి. దీన్ని ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. బండి చేతికి రాకముందే, 1911 ఆగస్టులో ఆయన చనిపోయారు. దాంతో అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి వచ్చింది. ఆయన దాన్ని దర్బారు లాంటి సందర్భాలకే బయటికి తీసేవారు. వెనక సీటు మామూలు సీటు కాదు, సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందుకే దీనికి థ్రోన్ కార్ అని పేరు. పసుపు ఆసఫ్ జాహీల జెండా రంగు. (నిజాం రోల్స్ రాయిస్‌లతో చెత్త ఎత్తించాడని వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతుంది కదా, అదే కథని ఉత్తరాదిలో ఇంకో రాజుకి కూడా అంటగడతారు. గట్టి ఆధారం మాత్రం ఎవరూ చూపించరు.)

ఇది సిల్వర్ ఘోస్ట్ రకం. ఇంజిన్ 7,428 సీసీ, ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు బ్లాకులుగా పోత పోసినవి. ఒక్కో సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి. ఒకదానికి మాగ్నెటో నుంచి, ఇంకోదానికి కాయిల్ నుంచి కరెంటు వస్తుంది. ఒక వ్యవస్థ పోయినా రెండోది నడిపిస్తుంది, మన భాషలో రిడండెన్సీ. సెల్ఫ్ స్టార్ట్ లేదు, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాల్సిందే. బ్రేకులు వెనక చక్రాలకే. అయినా ఆ రోజుల్లో ఇంత నిశ్శబ్దంగా నడిచే కారు అరుదు. ఘోస్ట్ అనే పేరు అలా వచ్చిందే. 1907లో వెండి రంగు వేసిన ఒక్క కారుకి ఆ పేరు పెట్టారు, తర్వాత మొత్తం మోడల్‌ని అలాగే పిలవడం మొదలైంది.

నాకు బాగా ఆశ్చర్యం వేసిన విషయం ఇంకోటి ఉంది. అప్పట్లో రోల్స్ రాయిస్ కంపెనీ కారు మొత్తం తయారు చేసేది కాదు. ఛాసిస్, ఇంజిన్, గేర్‌బాక్స్, చక్రాలు, రేడియేటర్, ఇంతవరకే వాళ్లది. ఆ ఛాసిస్‌ని బాడీ కట్టే వేరే కంపెనీకి పంపేవారు. నిజాం కారుకి బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అంతకుముందు గుర్రపు బగ్గీలు చేసినవాళ్లు వాళ్లు. ఆ కాలపు బాడీలకి లోపల కర్రతో ఫ్రేము కట్టి, దాని మీద అల్యూమినియం రేకుని చేత్తో కొట్టి వంచి బిగించేవారు. డ్రైవర్‌కీ వెనక కూర్చున్న దొరకీ మధ్య అద్దం గోడ పెడితే అది లిమోజిన్. మనం పొడుగ్గా ఉన్న ప్రతి కారునీ లిమోజిన్ అనేస్తాం గానీ, అసలు విషయం పొడవులో లేదు, ఆ అద్దంలో ఉంది. ఒకరి ముందు ఒకరు కూర్చున్నా ఇద్దరూ ఒకే గదిలో లేనట్టు.

ఇక అసలు ప్రశ్న. 356 మైళ్లే తిరిగిన బండి ఎందుకు పాడవుతుంది?

నడపని బండి ఊరికే ఉండదు. ట్యాంకులో పెట్రోల్ ఆవిరై జిగురు మిగులుతుంది, అది కార్బ్యురేటర్ సన్నటి రంధ్రాల్ని మూసేస్తుంది. నూనె పొర కిందికి జారిపోయాక సిలిండర్ గోడలకి తుప్పు పడుతుంది, పిస్టన్ రింగులు అతుక్కుపోతాయి. టైర్లు ఒకే చోట బరువు మోసి అక్కడే చదునవుతాయి. రబ్బరు, తోలు ఎండి పగులుతాయి. కర్ర ఫ్రేము మన వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, కీళ్లు వదులవుతాయి. చెదలు సంగతి చెప్పక్కర్లేదు. అంటే మీటర్ ఆగినంత మాత్రాన కాలం ఆగదు. సర్వర్ ఆఫ్ చేసి పదేళ్లు మూల పెడితే హార్డ్ డిస్క్ కొత్తదానిలా ఉంటుందా?

మన థ్రోన్ కార్ కూడా దశాబ్దాలు కదలకుండా పడి ఉంది. తర్వాత దాన్ని రిస్టోర్ చేశారు. ఇప్పుడు మనకి కనిపించే మెరుపు ఆ పనిదే. కాబట్టి చాలా తక్కువ తిరిగిన, చాలా బాగా బాగుచేసిన కారు అనడం సరైన మాట. చెక్కు చెదరని ఒరిజినల్ అనడం కాదు.

తేడా ఏంటంటే, రిస్టోర్ చేయడం అంటే ఫైల్‌ని ఓవర్‌రైట్ చేయడమే, పాత కమిట్ దొరకదు. 1912లో కార్లకి వార్నిష్ రంగుని ఎన్నో పూతలుగా, ఒక్కోటి ఆరనిచ్చి, చేత్తో అరగదీస్తూ వేసేవారు. వారాలు పట్టేది. త్వరగా ఆరే సెల్యులోజ్ పెయింట్లు 1920ల్లో గానీ రాలేదు. పాత పూత గీకేసి కొత్త పెయింట్ కొడితే, ఏ బ్రష్ ఎటు కదిలింది, డ్రైవర్ చెయ్యి తలుపు మీద ఎక్కడ రాసుకునేది, ఈ సమాచారం అంతా గీకుడు కాగితంతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ కంపెనీ రికార్డుతో సరిపోవడం చెక్‌సమ్ లాంటిది. బండి అదే అని చెబుతుంది, కానీ పైపూత గురించి ఏమీ చెప్పదు. అందుకే ఈ మధ్య పెద్ద పోటీల్లో కూడా, ముట్టుకోని కార్లకి విడిగా ప్రిజర్వేషన్ విభాగం పెడుతున్నారు. పగిలిన తోలు, వెలిసిన రంగుతో ఉన్న లిమోజిన్‌కి అక్కడ మర్యాద ఉంటుంది.

అలాగని రిస్టోరేషన్ తప్పని నేను అనను. చెదలు తిన్న ఫ్రేముని "చరిత్ర" అని వదిలేస్తే చివరికి మిగిలేది రేకే. ఎంత పోయింది, ఎంత మిగిలింది చూసి ఆపాల్సిన చోట ఆపడమే కష్టం.

మన చట్టం కూడా ఈ మాట పట్టుకుంది. 2021లో మోటారు వాహనాల నిబంధనల్లో చేసిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్, కారు వింటేజ్ కిందికి వస్తాయి. కాకపోతే ఒరిజినల్ రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. నంబర్ ప్లేట్ మీద వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ర్యాలీలకీ ప్రదర్శనలకీ తీయొచ్చు గానీ రోజూ ఆఫీసుకి వేసుకెళ్లకూడదు.

ఇదంతా రాజుల గోల అనుకోకండి. మా ఇంట్లో తాతయ్య చేతక్ స్కూటర్ ఉంది, 1979ది. ఆ 50 ఏళ్లకి ఇంకా కొన్నేళ్లు ఉన్నాయి. దసరాకి దానికి కొత్త పెయింట్ కొట్టిద్దామని నాన్న, వద్దని నేను. తాతయ్య లాలాగూడ వర్క్‌షాప్‌లో రైలు పెట్టెలకి రంగులేసి రిటైరైన మనిషి. ఇద్దరి మాటా విని స్కూటర్ దగ్గరికెళ్లి, ఎడమ పక్క డబ్బా తీసి లోపలి వైపు చూపించారు. ఎండ తగలని ఆ చోట అసలు రంగు అలాగే ఉంది, కింది అంచున మాత్రం చిటికెన వేలంత తుప్పు. "తుప్పున్న కాడ గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టు, మిగతాది ముట్టకు. ముందు దాన్ని నెలకోసారన్నా స్టార్ట్ చెయ్యండ్రా" అన్నారు.

నాన్న ఇంకా ఒప్పుకోలేదు. నేను మాత్రం ఆదివారం పొద్దున కిక్ కొడుతున్నాను. పదిహేనో కిక్‌కి అంటుకుంటోంది.